ఆరోగ్యము: కాలేయమందలి గడ్డయు, కాన్సరు భయమును

మా పాఠకురాలైన యొక సోదరి యిట్లు వ్రాసినది. కడుపునొప్పికై స్కాను తీయించుకొనగా, కాలేయములో మూడు సెంటీమీటర్ల గడ్డ కనబడెనట. నాటినుండి ఆ యింట పొయ్యి సరిగా వెలుగుట లేదట. వైద్యుడు మాత్రము "ఇది అడినోమా, కాన్సరు కాదు, అయినను ఉపేక్షింపరాదు" అని చెప్పెను. "కాన్సరు కానిచో ఉపేక్షింపరాదనుట యేల? ఉపేక్షింపరానిచో కాన్సరు కాదనుట యేల?" అని ఆమె మమ్ము అడుగుచున్నది. ఈ సందేహము పెక్కుమందికి గలుగునదే. కావున ఈ నెల దీనినే విచారింతుము.

కాలేయమున పుట్టు గడ్డలన్నియు నొక్క జాతివి కావు. అన్నిటికంటె తరచుగా కనబడునది హెమాంజియోమా. అది రక్తనాళముల ముద్ద, కాన్సరుగా మారదు. రెండవది ఫోకల్ నోడ్యులర్ హైపర్‌ప్లేసియా. రక్తప్రసారమునందలి యొక వికారమునకు కాలేయము చేసికొన్న సర్దుబాటది. దానివలనను కాన్సరు భయము లేదు. మూడవది అడినోమా. ఇది చాల అరుదు. ఒక్క కాలేయకణము కట్టుతప్పి, తనవంటి కణములనే పెంచుకొనుచు పోగా నేర్పడిన గడ్డ యిది. మన సోదరికి గలది యిదియే.

ఈ గడ్డ కథలో స్త్రీలకు ప్రత్యేక స్థానము కలదు. సంతాననిరోధక మాత్రలు అమెరికాలో 1960లో వాడుకలోనికి వచ్చెను. 1973లో జానెట్ బామ్ అను వైద్యురాలును, ఆమె సహచరులును, మాత్రలు వాడిన ఏడుగురు స్త్రీల కాలేయములలో ఇట్టి గడ్డలను చూచి "లాన్సెట్" అను వైద్యపత్రికలో ప్రకటించిరి. మాత్రలలోని ఈస్ట్రోజెన్ ఈ గడ్డలను పెంచునని పిమ్మట స్థిరపడినది. ఇది చదివి మాత్రలు వాడు సోదరీమణులు కలతపడ నక్కరలేదు. ఏండ్ల తరబడి వాడిన లక్షమందిలో సుమారు ముగ్గురు నలుగురికి మాత్రమే యిది కలుగునని నాటి లెక్క. పైగా నేటి మాత్రలలోని ఈస్ట్రోజెన్ తొలినాటి మాత్రలలోని దానికంటె ఎంతయో తక్కువ.

ఇక అసలు ప్రశ్న. అడినోమా కాన్సరగునా? శస్త్రముచేసి తీసిన అడినోమాలను లెక్కింపగా, నూటికి నాలుగైదింటిలో మాత్రమే కాన్సరు కనబడినది. ఆ నాలుగైదును ముందుగా గుర్తించుటెట్లు? ఇందుకు దారి చూపినవారు ఫ్రాన్సు దేశపు పరిశోధకులు. పారిస్ నగరమున జెస్సికా జుక్మన్-రోసీయు, బోర్డో నగరమున పోలెట్ బియులాక్-సాజ్‌యు, వారి సహచరులును గడ్డలలోని జన్యువులను పరీక్షించి, అడినోమా యను నొక్క పేరు క్రింద పలు వేర్వేరు గడ్డలున్నవని తేల్చిరి.

ఒక రకమున హెచ్.ఎన్.ఎఫ్.1ఎ అను జన్యువు చెడును. ప్రతి జన్యువునకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు ప్రతులుండును గదా! ఆ రెండును చెడినప్పుడే యీ గడ్డ పుట్టునని 2002లో తెలిసినది. ఇందు క్రొవ్వు నిండియుండును. కాన్సరగుట మిక్కిలి అరుదు. అయితే చెడిన ప్రతి యొకటి వంశమునుండియే వచ్చినచో, ఆ కుటుంబమున చిన్నవయసుననే మధుమేహము కనబడవచ్చును. రెండవ రకము వాపుతో కూడినది. స్థూలకాయమునకును, మద్యపానమునకును దీనితో సంబంధము కలదు.

భయపడవలసినది బీటా-కాటెనిన్ అను జన్యువు మారిన రకమునకు. కణమునకు పెరుగుమని చెప్పు మాంసకృత్తును ఈ జన్యువు చేయించును. పని తీరినంతనే కణము దానిని నాశనము చేయును. జన్యువులో నొక ముఖ్యభాగము మారినచో ఆ మాంసకృత్తు నశింపక నిలిచిపోవును. పాలు పొంగుచున్నను పొయ్యి తగ్గించు చేయి లేనట్లగును.

అయినను ఇది మొదటి మెట్టు మాత్రమే. మన కణములలోని క్రోమోజోముల కొనలు, అంచు కుట్టని చీర ఉతికినకొలది పోగులూడునట్లు, కణము చీలినకొలది తరిగిపోవును. ఈ తరుగుదలయే కణమునకు హద్దు. ఆ కొనలను మరల కట్టు టెలోమరేజ్ అను పదార్థము పెద్దవారి కాలేయకణములలో నిద్రించుచుండును. దానిని మేలుకొల్పు మార్పు గలిగినచో కణమునకు హద్దు లేకపోవును. అడినోమా కాన్సరగు తుదిమెట్టున ఈ మార్పు కనబడుచున్నదని ఆ పరిశోధకులే 2014లో చూపిరి. కావున గడ్డకును కాన్సరుకును నడుమ మెట్లున్నవి. మన సోదరి వైద్యుడు పలికిన రెండు మాటలును నిజమే.

ఇప్పుడు చేయవలసినదేమి? ఐరోపా కాలేయవైద్యుల సంఘము 2016లో ఇచ్చిన సూచనలు ఇవి. స్త్రీకి అడినోమా కలిగినచో ముందు మాత్రలు మానవలెను, అధికమైన బరువు తగ్గవలెను, ఆరునెలల పిమ్మట మరల ఎమ్.ఆర్.ఐ. తీయించి చూడవలెను. పెక్కు గడ్డలు ఇంతమాత్రమున పెరుగుట మానును, తగ్గుటయు గలదు. ఐదు సెంటీమీటర్లకు మించియున్నను, పెరుగుచున్నను తీసివేయుట మేలు. పెద్దగడ్డలు పగిలి లోపల రక్తము స్రవించు ప్రమాదము కూడ కలదు. బీటా-కాటెనిన్ రకమైనను, రోగి పురుషుడైనను, గడ్డ యెంత చిన్నదైనను తీయవలసినదే. కండలు పెంచుటకై స్టెరాయిడు సూదులు వేయించుకొను కుమారులు గల తల్లులు ఈ మాట మరువరాదు.

సోదరీమణులారా! అత్తగారో ఆడబిడ్డయో ప్రక్కనున్నదని, మాత్రలు వాడిన సంగతి వైద్యునియొద్ద దాచువారు కలరు. ఆ యొక్క మాట దాచినచో వైద్యుని విచారణయే దారితప్పును. సిగ్గుపడినచో ఒంటరిగా మాటాడుటకు సమయ మడుగుడు. కుటుంబమున పిన్నవయసు మధుమేహమున్నచో అదియు చెప్పుడు. గడ్డ యున్నదని విని ఏడ్చుటకు ముందు, ఏ రకపు గడ్డ యని యడుగుడు.

మా సోదరికి మేము వ్రాసిన జాబు చిన్నది: నీ గడ్డ మూడు సెంటీమీటర్లదే, నీకు వ్యవధి యున్నది, ఆరునెలల స్కాను తేదీని గోడమీది పంచాంగమున గురుతు పెట్టుకొని, నేడు పొయ్యి వెలిగించుకొనుము.