టికెట్ న్యూయార్క్‌కు.. దిగేది షార్లెట్‌లో! ఎయిర్‌లైన్స్‌కు ఎందుకంత మంట?

డబ్బులు కట్టి కొన్న టికెట్టే. చివరి ఫ్లైట్ ఎక్కకుండా మధ్యలో దిగిపోతే తప్పా? తప్పే అంటున్నాయి విమానయాన సంస్థలు. 2023లో ఫ్లోరిడాలో ఓ టీనేజర్‌కు ఇది అనుభవంలోకి వచ్చింది. గెయిన్స్‌విల్ నుంచి షార్లెట్ మీదుగా న్యూయార్క్‌కు అమెరికన్ ఎయిర్‌లైన్స్ టికెట్ తీసుకున్నాడు. లైసెన్స్ చూస్తే నార్త్ కరోలినాది. షార్లెట్ ఉన్నది అక్కడే! సిబ్బందికి డౌటొచ్చింది, టికెట్ క్యాన్సిల్ చేశారు. షార్లెట్‌కు డైరెక్ట్ టికెట్ కొనక తప్పలేదు. ఈ ట్రిక్ పేరే స్కిప్‌లాగింగ్.

దూరం ఎక్కువ.. రేటు తక్కువ ఎలా?

హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సెక్కి, విజయవాడ టికెట్‌తో సూర్యాపేటలో దిగిపోతే ఎవరూ అడగరు. అయినా ఆ పని ఎవరూ చేయరు. దూరం తగ్గితే ఛార్జీ కూడా తగ్గుతుంది కాబట్టి. విమానం లెక్క వేరు. అక్కడ రేటు నడిచేది కిలోమీటర్ల మీద కాదు, పోటీ మీద. షార్లెట్ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు హబ్. అక్కడికి వెళ్లేవాళ్లకు వేరే ఆప్షన్లు తక్కువ, అందుకే రేటు గట్టిగా ఉంటుంది. న్యూయార్క్‌కైతే పోటీ కంపెనీలు బోలెడు. రెండు విమానాలు ఎక్కించినా తక్కువకే అమ్మాల్సి వస్తుంది.

సీటు ఖాళీగా పోతోందని కంపెనీల వాదన. కానీ ఆ సీటు డబ్బులు ముందే చేతికొచ్చాయి కదా! అసలు బాధ.. షార్లెట్ రేటు పూర్తిగా దక్కలేదనే.

కోర్టుల్లో ఏమైంది?

2016లో ఓ ప్రయాణికుడు సియాటిల్ నుంచి తిరిగొస్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, ఆస్లో ఫ్లైట్ వదిలేశాడు. 2,112 యూరోలు కట్టాలని లుఫ్తాన్సా కేసు వేసింది. 2018 డిసెంబర్‌లో బెర్లిన్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే స్కిప్‌లాగ్డ్ సైట్‌పై 2014లో యునైటెడ్ వేసిన దావా కూడా నిలబడలేదు. 2024లో అదే సైట్‌పై అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు 94 లక్షల డాలర్లు ఇప్పిస్తూ టెక్సాస్ జ్యూరీ తీర్పు ఇచ్చింది. అయితే ఆ డబ్బు మధ్యలో దిగినందుకు కాదు, కంపెనీ లోగో వాడుకున్నందుకు! కాపీరైట్ కేసు అది.

మరి ట్రై చేయొచ్చా?

కోర్టుకు వెళ్లకుండానే దెబ్బకొట్టే దారులు కంపెనీలకు ఉన్నాయి. రిపీట్ చేస్తే మైల్స్ పోతాయి, అకౌంట్ కూడా మూసేస్తారు. చెకిన్ బ్యాగులు మామూలుగా చివరి ఊరికే వెళ్లిపోతాయి. చివరి దేశం వీసా లేకపోతే మొదటి ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు రానూపోనూ ఒకే టికెట్ తీసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. వెళ్లేటప్పుడు ఒక్క ఫ్లైట్ వదిలేసినా, ఆ టికెట్‌పై మిగతావన్నీ క్యాన్సిల్ అవుతాయి. ఆరు నెలల తర్వాతి హైదరాబాద్ ఫ్లైట్‌తో సహా.