బేజుబాన్ వీపు చెప్పే గవాహీ

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం గల్లీల్లో జట్కాలు తగ్గిపోయాయి. గుర్రం ఇప్పుడు ఎక్కువగా బారాత్‌లోనే కనిపిస్తోంది. దొరికిన జీను ఏ గుర్రానికైనా బిగించేస్తే అది జుల్మ్. ఒకే రోజు 160 కిలోమీటర్లు నడిపే ఎండ్యూరెన్స్ పందేల్లో మజిలీ మజిలీకీ డాక్టర్ గుర్రం వీపు తడిమి చూస్తాడు.

మనమూ చూడొచ్చు. జీను దించగానే పసీనా గమనించండి. తడి మధ్య పొడిమచ్చ ఉంటే అక్కడ నొక్కుతోందన్నమాట. బరువు వెన్నెముకకు రెండు పక్కలా పడాలి, వెన్ను మీద కాదు. గుర్రం చిక్కితే నమ్దా కూడా మార్చాలి. జఖం మానినా చాలాసార్లు అక్కడ తెల్ల వెంట్రుకలే మొలుస్తాయి. గాయం చేసే సామాను వాడొద్దని 1965 నాటి కేంద్ర నియమాలే చెప్పాయి.

సూరె ఆదియాత్‌లో అల్లాహ్ పరుగెత్తే గుర్రాల మీద ఖసమ్ చేశాడు. ఆ జానవర్ మన చేతిలో అమానత్. ఈసారి బారాత్‌కి గుర్రం మాట్లాడేటప్పుడు కిరాయితో పాటు వీపు కూడా చూడండి భాయ్.