అన్నమునకు కొన్నాళ్లు సెలవు



గడచిన మాసమున మా మచ్చ బొల్లారములో, మా వీథి చివరనున్న యొక యింటికి పలుకరింపునకై పోయితిని. ఆ యింటి కోడలు స్థూలకాయము తగ్గుటకు శస్త్రచికిత్స చేయించుకొని యిల్లు చేరెను. చికిత్స జరిగి అప్పటికి పండ్రెండు దినములు. నేను గడప దాటకమునుపే అత్తగారి మాటలు వినబడినవి. “బిడ్డా, ఇన్ని దినములనుండి నీ నోట మెతుకు పడలేదు. పాలలో మెత్తగా ఉడికించి చక్కెర వేసి తెచ్చితిని. నాలుగు ముద్దలు తినుము. అన్నము లేక మనిషి నిలుచునా?” కోడలు గోడ కానుకొని “అత్తమ్మా, డాక్టరుగారు వలదనిరి గదా” యని మెల్లగా బదులు చెప్పుచుండెను. ఇరువురి కన్నులలోను నీరే. ఒకరిది ప్రేమ, ఒకరిది భయము. ఈ మాసము నేను వ్రాయునది ఆ గిన్నెడు పాలన్నమును గూర్చియే.

మొదట ఈ చికిత్సలో జరుగునదేమో తెలిసికొందము. నేడు ఎక్కువగా చేయుచున్నవి రెండు విధములు. స్లీవు పద్ధతిలో జీర్ణాశయమునుండి సుమారు నూటికి 75 మొదలు 80 పాళ్లవరకు కోసి తీసివేసి, మిగిలినదానిని అరటికాయవలె సన్నని గొట్టముగా నుంచుదురు. బైపాసు పద్ధతిలో పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్నసంచిని వేరుచేసి, దానిని తిన్నగా చిన్నప్రేవునకు కలుపుదురు. దీనికి మూలమైన చికిత్సను 1966లో అమెరికాలో ఎడ్వర్డు మేసను అను వైద్యుడు ప్రారంభించెను. ఏ పద్ధతియైనను లోపలి కుట్లు మానుటకు కొన్ని వారములు పట్టును. అందుచే ఆహారమును మెట్టుమెట్టుగా పెంచుదురు. మొదటి ఒకటి రెండు దినములు తేట ద్రవములు, పిదప రెండువారములు నిండువరకు పాలు మజ్జిగలవంటివి, మూడవ నాల్గవ వారములలో మెత్తగా రుబ్బినవి, అయిదవ ఆరవ వారములలో మృదువైనవి, ఆపైన మామూలు భోజనము. ఆసుపత్రినిబట్టి ఈ గడువులు కొంత మారుచుండును. మీకు వ్రాసి యిచ్చిన కాగితమే మీకు ప్రమాణము.

ఇక అన్నమును, రొట్టెను, తీపిని ఏల ఆపుదురు? అవి విషములని కాదు. మొదటి కారణము చోటు. ఈ వారములలో శరీరమునకు దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెనని వైద్యులు చెప్పుదురు. గాయము మానుటకును, కండ కరగిపోకుండుటకును ఇవియే ఆధారము. ఉడికిన అన్నము 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారు రెండున్నర గ్రాములే. లెక్క వేసి చూడుడు! అన్నముతోనే 60 గ్రాములు పొందవలెనన్న రెండు కిలోలకు పైగా తినవలెను. అదే ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, పన్నీరు 100 గ్రాములలో సుమారు 18 గ్రాములు గలవు. ఇరుకైన యింటికి చుట్టములు వచ్చినప్పుడు ముందుగా ఎవరికి పీట వేయవలెనో గృహిణికి ఒకరు చెప్పవలెనా?

రెండవ కారణము, అన్నపుముద్దయు, రొట్టెయు, చపాతియు సరిగా నమలనిచో జిగటగా ముద్దకట్టి, సన్నని దారిలో అడ్డుపడి వాంతి కలిగించును. మూడవది తీపిని గూర్చినది. ముఖ్యముగా బైపాసు చేయించుకొన్నవారికి చక్కెర కలిసిన పదార్థము వేగముగా ప్రేవులోనికి దిగి, అచ్చటికి నీటిని లాగును. తిన్న పది నిమిషములు మొదలు అరగంటలోపల చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనములు కలుగును. దీనినే డంపింగందురు. కొందరికి ఒకటి మొదలు మూడుగంటల పిదప రక్తములోని చక్కెర ఉన్నట్టుండి పడిపోయి, వణకును కండ్లు తిరుగుటయు కలుగును. కాబట్టి పాలన్నము, పానకము, గ్లూకోసు పొడి, చెరకురసము, సీసాల పానీయములు—ప్రేమతో ఇచ్చినను ఇవి ఇప్పుడు అపకారమే చేయును.

మరి ఏమి పెట్టవలెను? ద్రవముల దినములలో వెన్నతీసిన పాలు, పలుచని మజ్జిగ, వైద్యులు వ్రాసిన మాంసకృత్తుల పొడి. పప్పుమీది తేటను మాత్రమే వంచి యిచ్చిన అందు సారము స్వల్పము. పెసరపప్పును బాగుగా ఉడికించి, మెత్తగా రుబ్బి, వడకట్టి యిండు. మూడవ వారమునుండి గడ్డపెరుగు, మెదిపిన పన్నీరు, మెత్తని గ్రుడ్డు, తినువారైన ముండ్లు తీసి మెదిపిన చేప. దినమంతయు గుక్కెడు గుక్కెడుగా సుమారు లీటరున్నర ద్రవము లోనికి పోవలెను. భోజనముతో మాత్రము నీరు త్రాగరాదు. తిన్న అరగంటకు త్రాగవలెను. పాలలోను పప్పులోను పిండిపదార్థము కొంత సహజముగానే యున్నది గావున, అన్నము లేనంతమాత్రమున అది బొత్తిగా అందదని బెంగపడనక్కరలేదు. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము తినుట తగ్గినందున మోతాదు మార్చవలసియుండును. ఆ మార్పు వైద్యుడే చేయవలెను, మనము కాదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. రోగి పదేపదే వాంతి చేసికొనుచు నీరసించెననుకొనుడు. మనకు తోచునదేమి? దగ్గరనున్న వైద్యశాలకు పోయి “ఒక గ్లూకోసు సీసా ఎక్కించుడు” అని యడుగుట. ఇచ్చటనే ప్రమాదము పొంచియున్నది. బి1 విటమిను, అనగా థయమిను, మన శరీరమున రెండు మూడు వారములకు సరిపడునంతయే నిలువయుండును. వాంతులచే అది తరిగిపోయిన స్థితిలో, థయమిను ఈయకయే గ్లూకోసెక్కించినచో, ఆ చక్కెరను వినియోగించుటలో మిగిలిన కొంచెమును ఖర్చయి మెదడునకు చెరుపు కలుగవచ్చును. కంటిచూపు రెండుగా కనబడుట, నడక తూలుట, మాట తడబడి మతి చెదరుట, పాదములలో మంటలు తిమ్మిరులు—ఇవి దాని గుర్తులు. “నీరసము, అదే పోవును” అని ఒక్క దినమైనను ఊరకుండరాదు. “ఈమెకు ఫలానా చికిత్స జరిగినది, వాంతులగుచున్నవి, గ్లూకోసునకు ముందు థయమిను ఈయవలసియుండునేమో చూడుడు” అని వైద్యునితో స్పష్టముగా చెప్పుడు. ఈ వాక్యమును కాగితముపై వ్రాసి యింటిలో అందరికి కనబడుచోట నుంచుడు. జ్వరము, కడుపున తీవ్రమైన నొప్పి, తగ్గని గుండెదడ కనబడినచో ఆ పూటయే శస్త్రచికిత్స చేసిన వైద్యుని చేరవలెను.

థయమిను మాట మనకు క్రొత్తది కాదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాలలో మరపట్టిన తెల్లని పచ్చిబియ్యమే ముఖ్యాహారముగా తినువారిని బెరిబెరి వ్యాధి పీడించెను. ఆ విటమిను బియ్యపు పైపొరలోనుండి తవుడుతోపాటు పోవుటయే కారణము. ఉప్పుడుబియ్యము తినువారికి ఆ బాధ అంతగా లేదు. వడ్లను ఉడికించునప్పుడు విటమిను గింజలోనికి ఇంకును గదా! 1918లో రాబర్టు మెక్‌కారిసను కూనూరులో బెరిబెరిని విచారించుటకు నెలకొల్పిన చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. మా పేటనుండి అది ఎంతో దూరము కాదు. తెల్లని అన్నము కడుపు నింపినను లోటు మిగుల్చవచ్చునని ఆ వ్యాధి మన పెద్దలకు నేర్పినది. అదే పాఠము నేడు వేరొక దారిని మన యిండ్లకు వచ్చినది.

ఈ సెలవు ఎన్నాళ్లు? ఎల్లకాలము కాదు. ఆరవ వారము ప్రాంతమున వైద్యుని యనుమతితో అన్నము మరల విస్తరిలోనికి వచ్చును. అయితే వరుస మారును. ముందు గ్రుడ్డో పప్పో పన్నీరో, తరువాత కూర, కడపట మెత్తగా ఉడికిన అన్నము రెండు చెంచాలు. బాగుగా నమిలి, అరగంటసేపు మెల్లగా తిని, కడుపు నిండిన తొలి జాడకే చేయి కడుగుకొనవలెను. ఈ వరుస చికిత్స చేయించుకొన్నవారికే కాదు, మనకందరికిని మంచిదే. ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో నూటికి 45 పాళ్లు దాటకుండుట మేలని పైన చెప్పిన సంస్థయే 2024లో ప్రజలందరికిని సూచించినది.

ఆ దినమున నేనీ మాటలన్నియు అత్తగారి ప్రక్కన కూర్చుండి చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిదప “అయితే నేను పెట్టునది ప్రేమయే కాని పథ్యము కాదన్నమాట” అని లేచి పెసరపప్పు పొయ్యిమీద పెట్టెను. పాలన్నపుగిన్నె మనుమని పాలైనది. మొన్న ఆదివారము మరల పోయితిని. కోడలు గ్రుడ్డు ముందు తిని, బీరకాయకూర తిని, రెండు చెంచాల అన్నముతో భోజనము ముగించెను. అత్తగారు ప్రక్కన కూర్చుండి చెంచాలు లెక్కపెట్టుచుండిరి—ఎక్కువ తినుమని కాదు, తొందరపడవలదని. అమ్మలారా, మన చేతి వంట ఎవరికి బలమో, ఎప్పుడు బలమో తెలిసికొని వడ్డించుటకంటె మించిన ప్రేమ యేమున్నది?