క్రిములన్నీ శత్రువులు కావు

“చేతులు కడుక్కోకపోతే క్రిములు పట్టుకుంటాయి” అని పిల్లలను భయపెడుతూ ఉంటాం. ఆ మాట అబద్ధం కాదు, కాని సగం నిజమే. ఆ సగమే తెలిసిన పిల్లవాడు, పెరుగులో కూడా సూక్ష్మజీవులుంటాయని బడిలో వినగానే పెరుగన్నం కంచం పక్కకు తోసేస్తాడు. మిగతా సగం వాడికి చెప్పవలసింది మనమే.

సూక్ష్మజీవులను తొలిసారి చూసి లోకానికి తెలియజేసినవాడు వైద్యుడు కాడు. హాలెండులో లీవెన్‌హోక్ అనే బట్టల వర్తకుడు. తాను స్వయంగా అరగదీసిన కటకంతో నీటిబొట్టులో కదలాడే జీవులను చూసి, 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. తరువాత తన పళ్ళ పాచిలో కూడా వాటిని చూశాడు. మీ ఇంట్లో సూక్ష్మదర్శిని లేకపోవచ్చు. వంటిల్లు ఉంది కదా, అది చాలు.

రాత్రి మూడు గిన్నెలలో కాచిన పాలు పొయ్యండి. మొదటి గిన్నెలో పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యండి. రెండవ గిన్నెలో సలసల కాగుతున్న పాలలోనే తోడు వెయ్యండి. ఇది పెద్దవాళ్ళే చెయ్యాలి. మూడవ గిన్నెలో గోరువెచ్చటి పాలకు తోడు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్లవారాక పిల్లలను చూడమనండి. మొదటిది గడ్డపెరుగు. రెండవది సరిగా తోడుకోదు, ఎందుకంటే వేడికి బాక్టీరియా చచ్చిపోయింది. దాన్ని పారబోయండి. మూడవది పాలుగానే ఉంటుంది. చలికి బాక్టీరియా చావలేదు, పని మాత్రం మానేసింది. నీళ్ళు ఎందుకు కాచి తాగాలో, మిగిలిన కూర ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టాలో ఇక వేరే చెప్పనక్కరలేదు.

పల్లెకు వెళ్ళినప్పుడు వేరుశనగ మొక్క ఒకటి పీకి వేళ్ళు చూపించండి. వాటికి చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. రాలిన ఆకును ఎరువుగా మార్చేవీ సూక్ష్మజీవులే. అవి లేకపోతే చెత్త కుళ్ళదు, పంట పండదు.

మందులు కూడా వాటి నుంచి వచ్చాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న రోజులలో, అక్కడ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనిపెట్టాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది.

అయితే టైఫాయిడ్, కలరా, క్షయ వంటి జబ్బులు తెచ్చేవీ ఈ కుటుంబంలోనివే. కనుక మలవిసర్జన తరువాత, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడగాలి. టీకాలు వేళకు వేయించాలి. మట్టిలో ఆడుకోనివ్వండి, ఆట కాగానే చేతులు కడిగించండి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. మామూలు జలుబుకు కారణం వైరస్. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా మీద పనిచేస్తాయే గాని వైరస్ మీద చెయ్యవు. మందుల షాపులో అడిగి తెచ్చి వేస్తే జలుబు తగ్గదు సరికదా, పేగులలో మనకు మేలు చేసే బాక్టీరియా నశిస్తుంది. మందుకు లొంగని మొండివి మిగిలి వృద్ధి చెందుతాయి. రేపు బిడ్డకు నిజంగా న్యుమోనియా వచ్చిననాడు ఆ మందు పనిచెయ్యకపోవచ్చు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, తన నోబెల్ ఉపన్యాసంలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. జలుబు చేసిన బిడ్డ వేగంగా ఆయాసపడుతున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు, నీళ్ళు తాగలేకపోతున్నా ఆలస్యం చెయ్యక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వెయ్యండి. మిగిలిన మాత్రలు దాచి మరొకరికి వెయ్యకండి.

పిల్లలకు క్రిములంటే భయం నేర్పకండి, వాటిని గురించిన తెలివి నేర్పండి. భయంతో కడిగిన చేతులు మీరు చూస్తున్నంతసేపే శుభ్రంగా ఉంటాయి.