పంపేటప్పుడు చెల్లిన కాగితం

ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ గారికి,

గల్ఫ్ పోయివచ్చినవాళ్ల కేసులు చూసే వకీలుగా రాస్తున్నాను. పోయిన వారం ఒక కోర్టులో జరిగింది మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం. ఏ కోర్టు, ఏ ఏజెన్సీ అన్నది వదిలేస్తాను.

జగిత్యాల వైపు తాపీమేస్త్రీ ఒకాయన జీతం ఎగ్గొట్టిన సౌదీ కంపెనీ మీద, తనను అక్కడికి పంపిన ఏజెన్సీ మీద కలిపి దావా వేశాడు. ఏజెన్సీ వకీలు లేచి మెమో ఇచ్చాడు. కంపెనీ మాకిచ్చిన ముక్తారునామా మనుషుల్ని ఎంపిక చేయడానికే తప్ప కోర్టులో దాని తరఫున నిలబడటానికి కాదన్నాడు. పైగా మా దగ్గరున్నది జిరాక్సు, దాని మీద నోటరీ ధ్రువీకరణ లేదు, ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించలేదు, కాబట్టి కంపెనీకే సమన్లు పంపుకోండి అన్నాడు. కేసు వాయిదా పడింది. మేస్త్రీ నా మొహం చూశాడు.

అయ్యా, ఆ ముక్తారునామా, డిమాండ్ లెటరు, నమూనా కాంట్రాక్టు చూసే కదా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఆయనకు మీ శాఖ క్లియరెన్స్ ఇచ్చింది? మనిషిని విమానం ఎక్కించడానికి సరిపోయిన సంతకం, అతని జీతం సంగతి అడిగేసరికి ఎందుకు చాలకుండా పోయింది? ఆ సంతకం కంపెనీదేనని అప్పుడు ఎవరు తేల్చారు? తేల్చి ఉంటే ఆ రుజువు ఏ ఫైలులో ఉంది?

ధ్రువీకరణే వద్దని నేననను. దొంగ ముక్తారునామాలు ఎన్ని వస్తాయో కోర్టుల్లో తిరిగేవాళ్లకు తెలుసు. పని మధ్యలో వచ్చేసిన కుర్రాడికి కంపెనీ పేరు చెప్పి నష్టపరిహారం కట్టమని నోటీసు ఇచ్చే ఏజెన్సీలకు మాత్రం ఈ అనుమానాలేవీ రావు. ఒకవేళ కోర్టు ముక్తారునామాను ఒప్పుకున్నా, ఏజెన్సీ తప్పించుకోవడానికి ఇంకో తలుపు తయారుగా ఉంటుంది. ముక్తారునామా ఇచ్చినవాడికి స్వయంగా తెలిసిన విషయాలకు ముక్తారుదారు అతని బదులు సాక్ష్యం చెప్పలేడని 2004లో జానకీ వాశ్‌దేవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు సరైనదే. కానీ హాజరు పట్టీలు, జీతాల లెక్కలు కంపెనీ దగ్గరే ఉన్నాయి, మాకేం తెలుసు అని బోనెక్కిన ఏజెంటు చేతులు దులుపుకుంటే, ఆ కంపెనీ మనిషిని జగిత్యాల మేస్త్రీ ఎక్కణ్నుంచి తెస్తాడు?

అక్కడే కేసు వేయాల్సిందంటారేమో. సౌదీలో పని ముగిసిన 12 నెలల్లోపు లేబర్ కోర్టుకు వెళ్లాలి. 2020లో కరోనాకు భయపడి, చివరి జీతాలు వదిలేసి విమానం ఎక్కినవాళ్లలో ఎంతమందికి ఆ గడువు తెలుసు?

ఫిలిప్పీన్స్‌లో 1995లోనే చట్టం చేసుకున్నారు. విదేశీ యజమాని, ఏజెన్సీ కలిసీ విడివిడిగానూ బాధ్యులని కాంట్రాక్టులోనే రాసుండాలి. ఆ మాట లేకపోతే కాంట్రాక్టుకు ఆమోదమే లేదు. ఏజెన్సీ కట్టిన బాండు కూడా ఆ బాకీకి జవాబుదారీ. కోర్టుకెక్కినప్పుడు ప్రమాణపత్రం మీద ఎవరు సంతకం పెట్టాలన్న పేచీలు అక్కడా లేకపోలేదు. అయితే కంపెనీ రాలేదన్న సాకుతో కార్మికుడి బాకీ గాలిలో కలిసిపోదు. మన పెద్ద ఏజెన్సీలు మీ దగ్గర పెట్టే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ ఎవరి కోసం? ఈ మేస్త్రీలాంటి వాడికి అందులోంచి పైసా రావాలంటే ఏ కాగితం మీద ఎవరి ముద్ర కావాలి?

ఏజెన్సీకి రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడే, కంపెనీ తరఫున సమన్లు తీసుకుంటాం, కోర్టులో జవాబు చెబుతాం అని ఎంబసీ ధ్రువీకరణతో రాయించుకోవడానికి అడ్డేమిటి? కొత్త చట్టం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. ఏదో ఒకటి చేయండి, ఎట్లా చేస్తారో మీకే తెలియాలి.

అంతదాకా, మా మేస్త్రీ క్లియరెన్స్ ఫైలులోని ముక్తారునామాకు మీ ముద్రతో ఒక నకలు ఇప్పించగలరా? దరఖాస్తు ఏ అధికారికి పెట్టుకోవాలో చెప్పినా చాలు. వచ్చే వాయిదాకు అదైనా జడ్జిగారి ముందు పెడతాను.

ఇట్లు,
ఒక వకీలు