చెప్పులు వేసుకుని రుబ్బమన్నాను

“అమ్మగారూ, గ్రైండరు సురుక్కుమంటందండి.”

కిందటి వేసవిలో గుమ్మడి వడియాలకి మినప్పప్పు రుబ్బుతూ మా పనమ్మాయి ఈ మాట అంది. నేను వంటింట్లోంచి కదలకుండానే “చెప్పులు వేసుకుని రుబ్బు” అన్నాను. ఆ అమ్మాయి అలాగే చేసింది. తర్వాత ఇంకో రెండు మూడుసార్లు చెప్పింది. నేనూ అదే జవాబు ఇచ్చాను. తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుని మిగతాది చెబుతాను.

మా పెరటి షెడ్డు కట్టినప్పుడు అది కొబ్బరికాయలు, ఎండు కమ్మలు, పాత సైకిలు పడేసుకోడానికి. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు. రాత్రిపూట ఒక బల్బు వెలిగితే చాలని బాత్రూం స్విచ్ బోర్డు నుంచి సన్నటి వైరు ఒకటి రేకుల మీదుగా లాగించారు. తర్వాత గ్రైండరు చప్పుడని అక్కడికి పోయింది. వాషింగ్ మెషిన్ ఎక్కడా పట్టలేదని పోయింది. ఇస్త్రీ బల్ల పోయింది. ఇన్నీ ఆ బల్బు వైరు మీదే. మా మెషిన్ నీళ్ళు వేడి చేసేటప్పుడు 2000 వాట్లు లాగుతుంది. మన ఇళ్ళకొచ్చే 230 వోల్టుల దగ్గర అంటే 9 ఆంపియర్లకి కాస్త తక్కువ. అది గుచ్చింది 6 ఆంపియర్ల ప్లగ్గులో. ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తే, సాంబ్రాణి వేసినట్టు అదీ అలవాటైపోయింది మాకు.

శ్రావణమాసంలో మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. ఆ వారమంతా ముసురు. బట్టలారక, ఒక తెరిపి చూసుకుని దండెం మీద వేయబోయింది. ఆ దండెం ఇనుప తీగ. ఒక కొస షెడ్డు స్తంభానికి, రెండో కొస కొబ్బరిచెట్టుకి. తడి చున్నీ తీగ మీద పడగానే పిల్ల కెవ్వుమని వెనక్కి పడింది. వెనక్కి పడింది కాబట్టి బతికింది. తీగని పట్టుకుని ఉంటే చెయ్యి విడిపించుకోలేకపోయేది. వానాకాలంలో జిల్లా పేజీల్లో బట్టలారేస్తూ పోయినవాళ్ళ వార్తలు చదివి అయ్యో అనుకోవడమే తప్ప, మన దండెం వంక తలెత్తి చూడం.

ఆ సాయంత్రమే కరెంటు పని చేసే అబ్బాయి వచ్చాడు. పనమ్మాయి చెబితే నాలుగు నెలలు ఎవరూ రాలేదు. మా పిల్లకి తగిలితే గంటలో వచ్చాడు. దీని మీద నేను వేరే వ్యాఖ్యానం రాయను.

టెస్టరు పెడితే రేకు వెలిగింది, స్తంభం వెలిగింది, తీగ వెలిగింది. రేకు అంచు దగ్గర వైరు రాసుకుని రాసుకుని తోలు ఊడింది. అతను నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి “ఇంక బయం లేదు సార్” అన్నాడు, మావారితో. మావారు డబ్బులివ్వబోయారు. నేను అడ్డం పడ్డాను. “మరి గ్రైండరో? దానికి టేపు ఎక్కడ చుడతావు నాయనా?” అన్నాను. “అది మీకు తెలీదులెండమ్మా” అన్నాడు. నిజమే, నేను చదివింది బీఏ తెలుగు. కానీ ఆ షెడ్డులో రోజుకి రెండు గంటలు తడి చేతులతో, తడి నేల మీద నిలబడేది నేనూ, పనమ్మాయీ. వాళ్ళిద్దరూ కాదు.

అందుకని తెలుసుకున్నాను. ఇంకో మనిషిని పిలిపించాం, లైసెన్సున్న పెద్దాయన. ఓపికగా చెప్పాడు. షెడ్డుకి వెళ్ళినవి రెండే వైర్లట, ఫేజూ న్యూట్రలూ. మూడోది, ఆకుపచ్చ రంగు ఎర్త్ వైరు, అసలు లేదు. గ్రైండరు లోపల ఎక్కడైనా కరెంటు బాడీకి తగిలితే ఆ ఎర్త్ వైరు దాన్ని భూమిలోకి తీసుకుపోవాలి. అది లేకపోతే ఆ పని మన ఒళ్ళు చేస్తుంది. దానికి తోడు గ్రైండరు మూడు పుల్లల ప్లగ్గు పట్టడం లేదని పెద్ద పుల్ల ఎవరో కోసేశారు. ఎవరో ఏమిటి, మా ఇంట్లోవాళ్ళే. చెప్పులు అరిగి ఉన్నా, తడిసినా, ఇంకో చేత్తో కుళాయి పట్టుకున్నా ఏమీ ఆపవు. చెప్పులు వేసుకోమనడం జబ్బు కనబడకుండా దుప్పటి కప్పడమే.

ఇంకో సంగతి, మీలో చాలామందికి నాలాగే తెలియకపోవచ్చు. మెయిన్ బోర్డులో ఎంసీబీలు ఉన్నాయి కదా, అవే పడిపోతాయిలే అనుకుంటాం. అవి వైరు కాలిపోకుండా కాపాడేవి. 16 ఆంపియర్ల ఎంసీబీకి మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు. అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ కరెంటే గుండె ఆపేయగలదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ అని వేరే ఉంది. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో అంతా తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చిందంటే రెప్పపాటులో పడిపోతుంది. ఇళ్ళకి ఆ 30 రకమే అడిగి తీసుకోవాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. అప్పుడప్పుడూ నొక్కి, పడుతోందో లేదో చూసుకోవాలి. నేను నెలకోసారి, సరుకుల చీటీ రాసే రోజున నొక్కుతాను.

పెద్దాయన మెయిన్ బోర్డు నుంచి షెడ్డుకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పీవీసీ పైపులో, ప్రహరీగోడ వెంట వేశాడు. షెడ్డులో చిన్న బోర్డు, అందులో ఆర్‌సీసీబీ, మెషిన్‌కీ గ్రైండరుకీ విడివిడిగా 16 ఆంపియర్ల ప్లగ్గులు, నీళ్ళు చిందనంత ఎత్తులో. కొత్తగా ఎర్త్ గొయ్యి. ఎర్త్ విషయంలో ఒక మోసం ఉందట, జాగ్రత్త. గొయ్యి తవ్వడం బద్ధకించి కొందరు ప్లగ్గులోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే మెషిన్ ఒళ్ళంతా కరెంటే. గ్రైండరు ప్లగ్గు మార్చాం. ఇనుప దండెం పీకేసి నైలాన్ తాడు కట్టాం. కరెంటు బిల్లు మీద మా లోడు ఎప్పటిదో పాతది ఉంటే, ఎక్కువ లోడుకి దరఖాస్తు పెట్టమని మావారిని ఆఫీసుకి పంపాను.

మొత్తం 18 వేలు దాటింది. “పెరట్లో షెడ్డుకి ఇంత ఖర్చా!” అన్నారు మావారు. హాల్లో ఫాల్స్ సీలింగు దీపాలకి 40 వేలు పోసినప్పుడు ఈ మాట రాలేదు. చుట్టాలు కూర్చునే చోట రంగురంగుల దీపాలు, ఆడవాళ్ళు పని చేసే చోట మిగిలిపోయిన వైరు ముక్కలు. ఏ ఇంటికెళ్ళినా పెరటి వైపు వెళ్ళి చూడడం నాకిప్పుడు అలవాటైంది. మా ఆడపడుచు కోప్పడింది కూడా, “మా ఇంట్లో తప్పులు వెతకడానికొచ్చావా వదినా” అని. వెతికాను. ఆవిడ మోటారు స్విచ్చు పక్కన బొగ్గులా మాడిన ప్లగ్గు దొరికింది.

కొత్త బోర్డు పెట్టిన రోజే గ్రైండరు స్విచ్ వేయగానే ఆర్‌సీసీబీ టక్కున పడింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. మొదటి అబ్బాయికి తెలిసి “అది తీసేసి డైరెక్టు ఇచ్చేయండి సార్, ఊరికే పడతుంటది” అని సలహా ఇచ్చాడట. ఊరికే పడడమేమిటి! నాలుగు నెలలుగా పనమ్మాయి చెబుతున్నదే అదీ చెబుతోంది. గ్రైండరుని ఆటోలో షాపుకి పంపిస్తే, లోపల మోటారులోకి పిండినీళ్ళు దిగి ఉన్నాయి. బాగు చేయించి తెచ్చాక పడడం లేదు.

పనమ్మాయికి బోర్డు చూపించి, బటన్ నొక్కి పడేసి చూపించి, “ఇంక ఫర్వాలేదే, వట్టి కాళ్ళతో రుబ్బినా భయం లేదు” అన్నాను. తలూపింది. కానీ ఇప్పటికీ పప్పు వేసే ముందు ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటుంది. వేలి వెనక వైపుతో గ్రైండరుని ఒక్కసారి తాకి చూసి, ఆ తర్వాతే చెయ్యి పెడుతుంది.