వణుకంతా వయసుది కాదు

‘వయసు మీద పడింది, చెయ్యి వణకదా మరి?’ అని ఇంట్లోవాళ్లే తేల్చేస్తారు. నూజివీడు మామిడి ఊళ్లలోనూ పార్కిన్సన్స్ జబ్బు దాక్కునేది ఈ మాట చాటునే.

అసలు కొందరికి వణుకే ఉండదు. నడుస్తుంటే ఒక చెయ్యి ఊగదు. చొక్కా గుండీ పెట్టుకోవడమే పెద్ద పనవుతుంది. కాటా లెక్కలు రాసే పుస్తకంలో అక్షరాలు వరస చివరికొచ్చేసరికి చీమలంత అవుతాయి. చిన్న రసం మామిడిపండు ముక్కు దగ్గర పెట్టినా వాసన తెలియదు. ఈ వాసన తెలియకపోవడం వణుక్కి ఏళ్ల ముందే మొదలుకావచ్చు.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్షీణించడమే మూలం. ఆ లోటు తీర్చే లెవోడోపాను మన దూలగొండి గింజల నుంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. అలాగని గింజలు నూరి తాగేరు, మోతాదు ఎవరికీ అందదు! మాత్ర కూడా జబ్బును ఆపదు, కదలికను తేలిక చేస్తుంది. వేళకు పడాలి; మాంసం, గుడ్లు, పప్పు దండిగా తిన్న వెంటనే వేసుకుంటే కొందరికి సరిగా పనిచేయదు.

ఇక జబ్బు ఎందుకొస్తుందన్న సంగతి. పారాక్వాట్ కలుపుమందుతో పనిచేసినవారిలో ఈ జబ్బు ఎక్కువని పలు అధ్యయనాలు చెప్పాయి. అదే కారణమని తేలలేదు, నిజమే. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2007లోనే దాని అనుమతి రద్దయింది. మన దగ్గర తేలేదాకా కూలీలు చేతొడుగులు లేకుండా మందు కొడుతూనే ఉండాలా? తోట యజమానులు ఈ సీజన్‌లోనే ఆ పద్ధతి మాన్పించాలి. మామిడి ఊళ్లకు దగ్గరున్న ప్రభుత్వాసుపత్రుల్లో నరాల వైద్యుడు క్రమం తప్పకుండా చూసేలా ఆరోగ్య శాఖ ఏర్పాటు చేయాలి.